మస్తాన్ సన్నాయి తొమ్మిదో మెట్టులో ఉంది

కంకిపాలెంలో మనిషి చనిపోతే అతని చప్పుడును శబ్దాల ఆఫీసు వాళ్లు వచ్చి పట్టుకుపోతారు. హిందువులకి పదకొండో రోజు వస్తారు. ముస్లింలకి నలభయ్యో రోజు, ఫాతెహా అయ్యాక. క్రైస్తవులకి ఆదరణ కూడిక మర్నాడు. వచ్చేది ఇద్దరు. ఒకడి చేతిలో గుడ్డసంచి ఉంటుంది, ఇంకొకడి చేతిలో రసీదు పుస్తకం. మంచినీళ్లిస్తే తాగుతారు. పది నిమిషాల పని. వాళ్లు వెళ్లాక ఆ మనిషి గొంతు, దగ్గు, చెప్పుల చప్పుడు ఇంట్లో ఉండవు. ఇంట్లోవాళ్ల తలల్లో కూడా ఉండవు. మొహం గుర్తుంటుంది. అన్న మాట గుర్తుంటుంది. ఏ గొంతుతో అన్నాడో గుర్తుండదు. దీని మీద ఊళ్లో ఫిర్యాదులేమీ లేవు. రసీదు ఇస్తున్నారు కదా అంటారు.

నూర్‌బాషా మస్తాన్ చనిపోయి మూడేళ్లు కావస్తోంది. సన్నాయి వాయించేవాడు. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, గుళ్లో ఉత్సవాలకీ అతనే. పక్కన డోలు సైదులుది. సైదులు అతనికి వరసకి తమ్ముడు. ముప్పై ఎనిమిదేళ్లు ఇద్దరూ ఒకే జంపఖానా మీద కూర్చున్నారు. మాట్లాడుకున్నది తక్కువ. వాయించేటప్పుడు కుదరదు. వాయించాక అవసరం ఉండేది కాదు.

మస్తాన్ ఇంటికి ఆఫీసు వాళ్లు వచ్చిన రోజు ఒక సంచి చాల్లేదు. రెండో సంచి కోసం మనిషిని పంపారు. అది వచ్చేదాకా మస్తాన్ భార్య మాబున్ని వాళ్లకి టీ పెట్టింది. రసీదులో గొంతు ఒకటి, గురక ఒకటి, సన్నాయి ఒకటి, ఇతరములు అని రాశారు. మాబున్ని వేలిముద్ర వేసింది. వాళ్లు గుమ్మం దాటాక ఆమె కాసేపు నిలబడి గురకని తలుచుకోబోయింది. రాలేదు. ముప్పై ఏళ్లు తిట్టుకున్న గురక అది.

ఆ సాయంత్రం సైదులు తన ఇంట్లో పాత క్యాసెట్టు ఒకటి పెట్టి చూశాడు. నవమి పందిట్లో ఎవరో రికార్డు చేసి ఇచ్చింది. అందులో సన్నాయి లేదు. డోలు ఉంది. డోలు సైదులుది, సైదులు బతికే ఉన్నాడు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. ఆఫీసు వాళ్లు ఆ మాత్రం పద్ధతి పాటిస్తారు. అరగంట పాటు డోలు ఎవరికోసమో ఆగుతూ, ఎవరికో దారి ఇస్తూ, ఎవరినో అందుకుంటూ నడిచింది. సైదులు మొత్తం విన్నాడు. తర్వాత క్యాసెట్టు తీసి డబ్బాలో పెట్టాడు.

పోయినవాళ్ల చప్పుడు మళ్లీ వినటానికి దారి లేకపోలేదు. ఆఫీసు హాల్లో ఒక యంత్రం ఉంది. పట్నం నుంచి వచ్చింది. పాటల వీడియో గేము అంటారు. పెద్ద అద్దం లాంటి తెర, కింద నాలుగు రంగుల బొత్తాలు. తెర మీద రంగు పూసలు పైనుంచి కిందికి జారుతుంటాయి. పూస తెల్లగీతని తాకినప్పుడు అదే రంగు బొత్తాం నొక్కాలి. సరిగ్గా నొక్కుతున్నంతసేపు చప్పుడు వస్తుంది. ముందు నొక్కినా తప్పే, వెనక నొక్కినా తప్పే. తప్పుకి ఎర్రదీపం వెలుగుతుంది. రెండు తప్పుల వరకు క్షమిస్తారు. మూడో తప్పుకి చప్పుడు ఆగిపోతుంది.

ఎందుకిలా అంటే దానికి కారణం గోడ మీద రాసి ఉంది. చప్పుడు విలువైనది. వినటం రానివాళ్లకి ఇస్తే వృథా అవుతుంది. వినటం వచ్చో రాదో తేల్చటానికే ఈ ఆట. ఆడేవాడితో పాటు ఒక సాక్షిని హాల్లోకి రానిస్తారు. ఆట సజావుగా జరిగిందని సాక్షి సంతకం పెట్టాలి.

ఆటకి తొమ్మిది మెట్లు. కంకిపాలెంలో పోయినవాళ్లని వాళ్ల చప్పుడు కష్టాన్ని బట్టి మెట్ల మీద సర్దారు. మొదటి మెట్టులో గోలీసోడా సుబ్బారాయుడు ఉన్నాడు. రెండో మెట్టులో బస్సు కండక్టరు విజిలు. మూడులో ఎక్కాలు చెప్పించిన పంతులుగారు. నాలుగులో ఒకాయన మగ్గం. ఐదులో కరణంగారి తుమ్ము. ఆరులో సాయమ్మ రోకటిపోటు. ఏడులో మిరప యార్డు గుమాస్తా పాడే వేలంపాట. ఎనిమిదిలో మంత్రసాని ఆదెమ్మ జోలపాట. తొమ్మిదిలో మస్తాన్ సన్నాయి. ఒక్కో మెట్టు గెలిస్తేనే తర్వాతది. తొమ్మిదో మెట్టుకి మాత్రం ఏడాదికి ఒకటే అవకాశం.

సోడా సుబ్బారాయుడి భార్య తిరపతమ్మకి ఇందువల్ల కష్టమేమీ లేదు. బుధవారం, శనివారం ఆట ఉంటుంది. రెండు రోజులూ వచ్చి, నాలుగు బొత్తాలు నొక్కి, మొగుడు సోడా కొట్టిన చప్పుడు విని, కొంగుతో మొహం తుడుచుకుని వెళుతుంది. మాబున్ని బెంచీ మీద కనిపిస్తే పలకరించకుండా పోదు.

"నీ మొగుడు పెద్ద విద్వాంసుడు మాబున్నీ. అందుకే దొరకడు. మావాడికి చదువా సంధ్యా, పిలిస్తే పలుకుతాడు."

మాబున్ని పక్కకి జరిగి ఆమెకి బెంచీ మీద చోటిచ్చేది. మొదటి ఏడాది తనే ఆడి చూసింది. రెండో మెట్టు దాటలేదు. రెండో ఏడాది ఊళ్లో ఇద్దరు ముగ్గురిని అడిగింది. ఒకతను ఆరో మెట్టు దాకా పోయి మానుకున్నాడు. సైదులుని అడగలేదు. సైదులు తనంతట తను వస్తాడనుకుంది. సైదులు రాలేదు. డోలు మూలన పెట్టి, దాని మీద దుప్పటి కప్పి, పెళ్లిళ్లు మానేసి, ఇంట్లో కూర్చున్నాడు.

అతన్ని కదిలించింది ఒక నోటీసు. మూడేళ్లలో ఎవరూ గెలవని చప్పుడుని జనానికి అక్కర్లేనిదిగా భావించి చెరిపేస్తారు. కొత్తగా పోయేవాళ్లకి చోటు కావాలి కదా. ఒకసారి ఎవరైనా గెలిస్తే ఇంకో ఏడాది ఉంచుతారు. మస్తాన్‌ది ఇంకా రెండు నెలలుంది. మాబున్ని ఆ కాగితం తెచ్చి సైదులు ముందు పెట్టింది. సైదులుకి చదువు రాదు. ఆమెకీ రాదు. పక్కింటి టీచరమ్మ చదివి చెప్పింది. సైదులు తల ఊపి, బుధవారం పొద్దున్నే వరసలో నిలబడ్డాడు.

మొదటి మెట్టులోనే తప్పాడు. సోడాకాయ మీద సుబ్బారాయుడి బొటనవేలు ఆనిన చప్పుడు వినగానే సైదులు చెయ్యి బొత్తాం మీద పడింది. గోలీ దిగటానికి ఇంకా ఒక్క క్షణం ఉంది. ఎర్రదీపం వెలిగింది. రెండోసారీ అంతే. మూడోసారికి చప్పుడు ఆగిపోయింది. గుమ్మం బయట వరసలో తిరపతమ్మ నాలుక చప్పరించింది.

సూపరింటెండెంటు పేరు దక్షిణామూర్తి. మర్యాదస్తుడు. సైదులుని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడాడు. చప్పుడు వచ్చాక నొక్కాలి గానీ వస్తుందని నొక్కకూడదని చెప్పాడు. సైదులు తన పని చెప్పాడు. సన్నాయి ఎత్తుకోబోయే ముందు మస్తాన్ ముక్కుతో ఊపిరి పీలుస్తాడు. ఆ ఊపిరి మీద డోలు పడాలి. స్వరం వచ్చాక వేస్తే అది వెంటపడటం అవుతుంది, తోడు అవదు. ఆ ఊపిరి ఎట్లా ఉండేదో ఇప్పుడు తలకి గుర్తులేదు. చేతికి గుర్తుంది. ఆఫీసు వాళ్లు ఆ రోజు చేతిని వెతకలేదు.

దక్షిణామూర్తి శ్రద్ధగా విని ఒక ఫైలు తెప్పించాడు. మస్తాన్ సన్నాయిలో నుంచి ఊపిరి తీసేశామని చెప్పాడు. మొత్తం నాలుగు వందల పన్నెండు ఊపిర్లు వచ్చాయి. తుక్కు కింద రాసి పారేశారు.

"ఊపిరి సంగీతం కాదండీ సైదులుగారూ. గాలి. మీరు ఆడబోయేది శుభ్రం చేసిన ప్రతి."

సైదులు లేచి నమస్కారం పెట్టి వచ్చాడు.

తర్వాత మూడు వారాలు అతను చెయ్యిని ఆపుకోవటం నేర్చుకున్నాడు. కుడిచెయ్యితో ఆడుతూ ఎడమచెయ్యిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. పళ్లు కరిచిపట్టుకున్నాడు. చప్పుడు వినబడగానే ఒక చిటికె సేపు దాన్ని కాదనుకుని, అప్పుడు నొక్కాడు. సోడా గెలిచాడు. విజిలు గెలిచాడు. ఎక్కాలు గెలిచాడు. మగ్గం రెండు తప్పులతో గట్టెక్కింది. ఇంటికి వచ్చాక అతనికి అన్నం సహించేది కాదు.

ఐదో మెట్టు కరణంగారి తుమ్ము. కరణంగారికి నశ్యం అలవాటు. చప్పుడు చప్పుడుకీ మధ్య సన్నని మూలుగులు, ముక్కు పీల్చటాలు ఉంటాయి. ఆఖరున తుమ్ము. సైదులు మూలుగులన్నీ దాటాడు. తుమ్ము వచ్చింది. అతని ఎడమచెయ్యి తొడ కిందనుంచి బయటికొచ్చింది. రెండు చేతులతో నాలుగు బొత్తాల మీదా దడదడా బాదాడు. ఆపకుండా అర నిమిషం బాదాడు. హాల్లో సాక్షి, అటెండరు, గుమ్మంలో వరస ముందున్న మనిషి ముగ్గురూ, ఏమైందో తెలియకుండానే, కిందకి వంగి అక్షింతల కోసం చూసుకున్నారు. యంత్రం నాలుగు బొత్తాల దీపాలూ ఒకేసారి వెలిగించి ఆగిపోయింది.

యంత్రంపై దాడి కింద సంజాయిషీ అడిగారు. సైదులు చెబితే టీచరమ్మ రాసిపెట్టింది. "అయ్యా, పెళ్లిలో తాళి కట్టే వేళ ఎవరైనా తుమ్మితే అది ఎవరి చెవినా పడకుండా గట్టిమేళం కొట్టటం మా పని. ఎవరూ చెప్పనక్కర్లేదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క తుమ్మునీ పీటల దాకా పోనివ్వలేదు. యంత్రం మీద నాకు కోపం లేదు. కరణంగారి మీద కూడా లేదు."

దక్షిణామూర్తి సంజాయిషీని అంగీకరించాడు. వినకూడని వాటిని వినిపించకుండా చేయటం కూడా శబ్దానికి సంబంధించిన వృత్తే అని ఫైల్లో రాశాడు. కానీ ఇది వినే పరీక్ష కాబట్టి పదిహేను రోజులు ఆట నిషేధించాడు. గడువు ఇంకా నాలుగు వారాలు కూడా లేదు.

నిషేధం మూడో రోజున సైదులు టీ బంకు దగ్గర ఏడుకొండలు పక్కన కూర్చున్నాడు. ఏడుకొండలు వడ్లమిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. మిల్లు మోతకి రెండు చెవులూ పోయాయి. పక్కన బాంబు పడ్డా తెలియదు. ఆఫీసు హాల్లో అతని ఫొటో ఉంది, పూలదండతో. ఎనిమిది మెట్లు ఒక్క తప్పు లేకుండా ఆడిన మనిషి ఇప్పటిదాకా అతనొక్కడే. ఫొటో కింద ఉత్తమ శ్రోత అని రాసి ఉంటుంది. తొమ్మిదోది ఆడలేదు. ఆ మెట్టులో తనకి కావలసినవాళ్లెవరూ లేరన్నాడు.

సైదులు చేతులతో అడిగాడు, ఎలా ఆడతావని. చెవి చూపించి, బొత్తాం నొక్కినట్టు చూపించి, చెయ్యి తిప్పాడు.

ఏడుకొండలు తన మాట తనకి వినబడదు కాబట్టి బజారంతా వినబడేలా చెప్పాడు. "వింటే గదా తప్పేది. పూస వచ్చుద్ది, నొక్కుతా. అంతే."

సైదులు టీ సగంలో వదిలేసి ఇంటిదారి పట్టాడు.

సైదులు తాతది దూది ఏకే పని. వింటినారి దూది మీద కొడితే వచ్చే చప్పుడులోనే తమ వంశానికి తాళం పట్టుబడిందని తాత అనేవాడట. ఇప్పుడు ఆ వింటి పని ఎవరూ చేయరు. పరుపులకి కూడా దూది వాడటం తగ్గింది. అయినా సైదులు ఇంట్లో అటక మీద ఒక దూది మూట ఉంది. దించాడు. గింజా, నలకా లేకుండా వేళ్లతో ఏకాడు. బజార్లో దొరికే దూది అయితే చప్పుడు సందుల్లోంచి దూరుతుంది. ఏకిన దూది అయితే దూరదు. రెండు ఉండలు చేసి చెవుల్లో పెట్టుకున్నాడు. వీధిలో లారీ పోతూ ఉంది. చక్రాలు తిరుగుతున్నాయి, చప్పుడు లేదు.

నిషేధం అయిపోయిన బుధవారం కరణంగారి తుమ్ము గెలిచాడు. తుమ్ము ఎప్పుడొచ్చిందో అతనికి తెలియదు. ఎర్రపూస జారింది, నొక్కాడు. శనివారం రోకటిపోటు, వేలంపాట. సాయమ్మ కూతురు సాక్షిగా కూర్చుంది. ఆట అయ్యాక వచ్చి సైదులు కాళ్లకి మొక్కి ఏదో అంది. పెదాలు కదిలాయి. సైదులు తల ఊపాడు. తర్వాత బుధవారం జోలపాట. సాక్షి బెంచీ మీద కూర్చున్న ఆదెమ్మ మనవడు, నలభై ఏళ్లవాడు, కళ్లు మూసుకుని ఒక పక్కకి వాలిపోయాడు. అతన్ని లేపటానికి అటెండరు రావలసి వచ్చింది. సైదులు చూశాడు. ఏం పాటో అతనికి తెలియదు. ఊళ్లో సగం మందిని పుట్టించిన చేతులు పాడిన పాట.

పోయినవాళ్ల తాలూకు మనుషులు సైదులుని బజార్లో ఆపి పలకరించటం మొదలుపెట్టారు. ఏం చెవయ్యా నీది అన్నారు. విద్వాంసుడి పక్కన కూర్చున్న చెవి అంటే మాటలా అన్నారు. తిరపతమ్మ కూడా ఒకరోజు దారి కాచి, నువ్వు ఆడిన రోజు మావాడి సోడా ఎంత నిండుగా పలికిందో అంది. సైదులు దూది జేబులో పెట్టుకుని విన్నాడు.

గడువుకి ఆఖరు రోజు శనివారం. పొద్దున షేర్ ఆటోలో సైదులు, మాబున్ని ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె పండక్కి కట్టే చీర కట్టుకుంది. జేబులోంచి దూది ఉండలు తీసి సైదులు మోకాలి మీద పెట్టుకున్నాడు. మాబున్ని వాటిని చూస్తూ ఉంది.

"అవి లేకుండా ఆడు సైదులూ. నువ్వు కూడా విను."

"తీస్తే చెయ్యి ఊరుకోదు వదినా."

"మూడు తప్పుల దాకా అయినా వింటావు గదా."

"అప్పుడు నువ్వూ అంతే వింటావు."

మాబున్ని బయటికి చూసింది. "మూడేళ్లాయె," అంది. అంతే అంది. ఎవరి గురించి అన్నదో తెలియలేదు.

హాల్లో ఆమె సాక్షి బెంచీ మీద కూర్చుంది. అది ఆడేవాడి వెనక ఉంటుంది. సైదులు చెవుల్లో దూది పెట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. తెర వెలగకముందు అది అద్దంలా ఉంది. అందులో తన మొహం, భుజం వెనక మాబున్ని కనబడ్డారు. వెలిగాక కూడా ఆమె నీడ పూసల వెనక ఒక మూలగా ఉండిపోయింది.

ఆ మెట్టులో పూసలు సన్నాయివి కావు. సన్నాయి దానంతట అది నడుస్తుంది. పూసలు డోలువి. సైదులు డోలు వేయవలసిన చోట్ల పట్నంలో ఎవరో ఇంజనీరు లెక్క కట్టి పూసలు పెట్టాడు. అన్నీ తాళానికి సరిగ్గా ఉన్నాయి. ఒక్కటీ ముందు లేదు. తను ముప్పై ఎనిమిదేళ్లు వేసిన దెబ్బల్ని తనే రంగురంగుల బొత్తాల మీద, తను ఎప్పుడూ వేయనిచోట వేసుకుంటూ పోయాడు.

పదకొండు నిమిషాలు. మొదట్లో మాబున్ని కదలలేదు. తర్వాత ఆమె చెయ్యి మోకాలి మీదికి వచ్చింది. వేళ్లు తాళం వేయటం మొదలుపెట్టాయి. ఆమెకి తాళం ఎవరూ నేర్పలేదు. వంటింట్లోంచి విన్నదే. ఆ వేళ్లని బట్టి సైదులుకి తెలిసింది, పల్లవి అయింది, ఇది అనుపల్లవి, ఇప్పుడు శహాన రాగం పైకి వెళుతోంది, ఇక్కడ మస్తాన్ బుగ్గలు నిండి కనుబొమలు లేస్తాయి. బుగ్గలు కనిపించాయి. చప్పుడు లేదు. దూది తీయాలంటే ఒక చెయ్యి చాలు. ఎడమచెయ్యి ఒకసారి చెవి దాకా పోయింది. అద్దంలో మాబున్ని వేళ్లు ఆగి, నిలబడ్డాయి. అతను చెయ్యి దించి పచ్చపూస నొక్కాడు. వేళ్లు మళ్లీ కదిలాయి.

ఒక్క తప్పు కూడా లేదు. దక్షిణామూర్తి గదిలోంచి వచ్చి చేయి కలిపాడు. మస్తాన్ సన్నాయి ఇంకో ఏడాదికి ఉంటుంది. మాబున్ని వేలిముద్ర వేసింది.

బయట కుండ దగ్గర ఆమె నీళ్లు తాగేదాకా సైదులు ఆగాడు. దూది తీశాడు. రోడ్డు, ఆటోలు, మనుషులు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

"ఎట్టా ఉంది వదినా?"

"ఆయనే," అంది మాబున్ని.

కొంచెం దూరం నడిచాక అతను ఇంకోటి అడిగాడు. ఎత్తుకునే ముందు ఊపిరి వినబడిందా అని.

"ఎందుకు వినబడదు. ప్రతిసారీ. నీకు తెలీదా ఏంది."

ఊపిర్లు నాలుగు వందల పన్నెండూ తుక్కులో పోయిన సంగతి సైదులు ఆమెకి చెప్పలేదు.

వారం తర్వాత ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. టీచరమ్మ చదివింది. ఆట జరిగినప్పుడు హాల్లో పెట్టిన మైకులో అనుమతి లేని ఊపిరి పలుమార్లు నమోదైంది. శుభ్రం చేసిన ప్రతిలో ఊపిరి ఉండటానికి వీల్లేదు. విచారణ జరిపారు. యంత్రంలో లోపం లేదు. ఆటగాడు సదరు సమయాల్లో ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఆ ఊపిరి సాక్షిదని తేలింది. సన్నాయి ఎత్తుగడకి ముందు, ప్రతిసారీ, మృతుడు పీల్చిన చోటే ఆమె పీల్చింది. ఇది దురుద్దేశంతో చేసింది కాదని నమ్మి, బెంచీ చప్పుడు కింద జమకట్టి వదిలేశారు. ఆమె తదనంతరం సదరు ఊపిరిని సేకరించి పదో మెట్టుగా ఏర్పాటు చేయవలెను అని చివర ఒక వాక్యం ఉంది.

సైదులు ఆ కాగితం మడిచి క్యాసెట్టు డబ్బాలో పెట్టాడు.

సైదులు ఫొటో కూడా హాల్లో పెట్టారు, ఏడుకొండలు పక్కన. బడివాళ్లు పిలిచి వినటం గురించి మాట్లాడమన్నారు. అతనికి మాటలు రావు. దూది పట్టుకెళ్లి ఎలా ఏకాలో చూపించి వచ్చాడు. ఆ ఏడాది కంకిపాలెంలో వినే పరీక్ష నూటికి నూరు మంది గెలిచారు. ఇప్పుడు ఆఫీసు కిటికీ దగ్గర ఫారంతో పాటు రెండు దూది ఉండలు ఇస్తున్నారు. జనం జంటలుగా వస్తారు. ఒకరు దూది పెట్టుకుని తెర ముందు కూర్చుంటారు, ఒకరు వెనక బెంచీ మీద కూర్చుంటారు. గెలిచేవాళ్లు గెలుస్తారు, వినేవాళ్లు వింటారు. ఏ ఇంట్లో ఎవరు ఏది అన్నది ఇంట్లోనే తేల్చుకుంటారు. గొడవలేమీ రాలేదు. తిరపతమ్మ మాత్రం ఒక్కతే వస్తుంది, సంతకానికి వరసలో ఎవరో ఒకరిని కూర్చోబెట్టుకుంటుంది. దూది ఇస్తే వద్దంటుంది. ఒక్కోసారి తప్పుతుంది, ఆగిపోతుంది, మళ్లీ వరసలో నిలబడుతుంది.

ఏడాది తిరిగింది. మళ్లీ షేర్ ఆటో, మళ్లీ ఆ చీర. ఆఫీసు కాగితంలోని పదో మెట్టు సంగతి ఈలోగా ఎవరో మాబున్నికి చెప్పారు. ఆమె దాన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు. దారిలో అడిగింది.

"నేను పోయాక నా మెట్టు కూడా ఆడతావా సైదులూ?"

సైదులు ఆలోచించాడు. "సాక్షి ఎవరుంటారు వదినా?"

"అదీ నిజమే," అంది ఆమె.

హాల్లో తెర వెలిగింది. పూసలు జారాయి. సైదులు మొదటి నుంచీ పూసల్ని ఒక కంటితో, అద్దంలో మూలనున్న నీడని ఒక కంటితో చూస్తూ ఆడాడు. పల్లవి అయి మళ్లీ ఎత్తుకునే చోట మాబున్ని భుజాలు లేచాయి. రవిక మీద కొంగు కదిలింది. ఎర్రపూస ఇంకా జానెడు పైన ఉంది. సైదులు చెయ్యి బొత్తాం మీద పడింది. ఎర్రదీపం వెలిగింది. అనుపల్లవి నుంచి తిరిగివచ్చే చోట ఆమె భుజాలు మళ్లీ లేచాయి. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎర్రదీపం. ఆ తర్వాత ఆఖరు దాకా పూస గీతని తాకితేనే నొక్కాడు.

రెండు తప్పుల వరకు క్షమిస్తారు. మార్కులు తగ్గాయని, వయసు వల్ల వినికిడి మందగిస్తూ ఉండవచ్చని, వచ్చే ఏడాది ఇంకా శ్రద్ధగా వినాలని దక్షిణామూర్తి కాగితం మీద రాసి ఇచ్చాడు. సైదులు వేలిముద్ర వేశాడు. వచ్చే ఏడాది కూడా రెండే. ఏ రెండు చోట్లో అతను అప్పుడే ఎంచుకుంటున్నాడు.